వీడియో ఆటలు - కావ్య పఠనం

భరతముని నాట్యశాస్త్రం మొదటి అధ్యాయంలో ఒక చిన్న ఘట్టమున్నది. ఇంద్రాది దేవతలు బ్రహ్మ వద్దకు వెళ్లి, కంటికి కనిపించేదీ చెవికి వినిపించేదీ అయిన క్రీడనీయకం ఒకటి తమకు కావాలని అడుగుతారు. క్రీడనీయకమంటే ఆటవస్తువు. ఆ కోరికకు ఫలితంగా, సర్వవర్ణాల వారికీ అందే ఐదవ వేదంగా నాట్యవేదం పుట్టినదని ముని చెప్పినాడు. మన ఆలంకారికులు దృశ్యకావ్యమని గౌరవించిన ప్రక్రియకు మూలంలో ఆటవస్తువు అన్న మాట ఉన్నదని చెప్పినప్పుడల్లా తరగతిలో విద్యార్థులు ఒక్కసారి తలలెత్తి చూడడం కద్దు. తెలుగులోనూ అంతే గదా! తోలుబొమ్మలాట అంటాము, వీధిభాగవతుల ఆట అంటాము, నాటకాన్ని ఆడుతాము. అక్షరం ముక్క రాని పల్లీయులకు భారత రామాయణాలు పట్టుబడినది చాలవరకు తెరమీద ఆడిన తోలుబొమ్మల వల్లనే గాని, పండితులు పీఠికలు రాసి ప్రకటించిన పరిష్కృత ప్రతుల వల్ల కాదు.

దృశ్యమూ శ్రవ్యమూ అయిన మరొక ఆటవస్తువు నేడు మన పిల్లల చేతుల్లోకి వచ్చినది. అది వీడియో ఆట. తల్లిదండ్రులు దానిని చదువుకు ఆజన్మశత్రువుగా ఎంచుతున్నారు. వారి మాట కొట్టిపారవేయదగినది కాదు. రాత్రి రెండు ఝాముల దాకా సెల్‌ఫోను తెర ముందు కూర్చుండి, మరునాడు మొదటి గంటలోనే కునికిపాట్లు పడే విద్యార్థి నావంటి ఉపాధ్యాయుడు ఎరుగనివాడు కాడు. అయినా ఆ ఆటనే ఆధారంగా చేసుకొని షేక్‌స్పియరునూ థోరోనూ బోధించవచ్చునని పాశ్చాత్యదేశాలలో కొందరు అధ్యాపకులూ, ఆటల నిర్మాతలూ కొన్నేండ్లుగా ప్రయత్నిస్తున్నారు. 2020 జూన్‌లో పోలండు ప్రభుత్వం 'దిస్ వార్ ఆఫ్ మైన్' అనే వీడియో ఆటను విద్యార్థులకు సూచించే పఠనీయ గ్రంథాల పట్టికలో చేరుస్తున్నట్లు ప్రకటించినది. శత్రువుల ముట్టడిలో చిక్కిన నగరంలో సామాన్యజనులు ఎట్లా బతుకుతారన్నది దాని వస్తువు. 1990లలో జరిగిన సరయేవో ముట్టడి దానికి ప్రేరణ. వయసు నిబంధన వల్ల పద్దెనిమిదేండ్లు నిండిన వారికే అది ఉద్దిష్టం. గ్రంథాల పట్టికలో ఆట పేరు కనిపించడం వింతయే.

ఇట్టి ప్రయత్నాలను వెక్కిరించడం సులభం. నెత్తికెత్తుకోవడం అంతకంటె సులభం. ఏ ఆట కావ్యాన్ని బోధిస్తున్నది, ఏ ఆట కావ్యం పేరు చెప్పుకొని పొట్ట పోసుకుంటున్నది అని విడదీసి చూడడం మాత్రం కొంత శ్రమతో కూడిన పని. ఆ పని భాషోపాధ్యాయులు చేయకపోతే, దానిని అంగడివారే మన తరఫున చేసిపెడతారు.

మొదట ఒక మంచి ఉదాహరణ తీసుకొంటాను. అమెరికాలో మాసచుసెట్స్ రాష్ట్రంలో కాంకర్డ్ అనే ఊరున్నది. ఆ ఊరికి సమీపాన వాల్డెన్ అనే కొలను ఒడ్డున, మిత్రుడు ఎమర్సన్‌కు చెందిన అడవి నేలలో, హెన్రీ డేవిడ్ థోరో 1845 జులై 4న కాపురం పెట్టినాడు. పది అడుగుల వెడల్పు, పదిహేనడుగుల పొడవు గల కుటీరాన్ని తానే కట్టుకొన్నాడు. దానికైన ఖర్చు 28 డాలర్ల 12½ సెంట్లని అరసెంటుతో సహా లెక్క రాసిపెట్టినాడు. చిక్కుడు విత్తినాడు, ఆ చాళ్లన్నీ ఒకదాని చివర ఒకటి చేరిస్తే ఏడు మైళ్లు వచ్చేవట. అక్కడ రెండు సంవత్సరాల రెండు నెలల రెండు రోజులున్నాడు. ఆ రెండేండ్ల అనుభవాన్ని ఒకే సంవత్సరపు ఋతుచక్రంగా కుదించి రాసిన 'వాల్డెన్' గ్రంథం 1854లో వెలువడినది. ఈ థోరో మనకు బొత్తిగా పరాయివాడు కాడు. పన్ను కట్టనందుకు 1846లో ఒక రాత్రి చెరసాలలో గడిపిన మీదట ఆయన రాసిన శాసనోల్లంఘన వ్యాసాన్ని గాంధీజీ దక్షిణాఫ్రికాలో చదివినారు, మెచ్చుకొన్నారు.

ఇట్టి గ్రంథాన్ని పదునాలుగు పదునైదేండ్ల పిల్లలకు ఎట్లా చెప్పడం? అందులో కథ లేదు. ఒకడు చిక్కుడు మొక్కలకు కలుపు తీస్తాడు, మంచు గడ్డకట్టిన కొలను లోతు కొలుస్తాడు, కూర్చుండి ఆలోచిస్తాడు. సంఘటనకై ఎదురుచూసే చదువరికి ఒక్కొక్క పుట ఒక్కొక్క ఆమడగా తోస్తుంది.

దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ట్రేసీ ఫులర్టన్ అనే ఆచార్యురాలు తన బృందంతో సుమారు పదేండ్లు శ్రమించి ఈ గ్రంథాన్ని వీడియో ఆటగా నిర్మించినారు. అమెరికా ప్రభుత్వపు కళాపోషక సంస్థ దానికి ధనసహాయం చేసినది. 'వాల్డెన్, ఎ గేమ్' అన్న పేరుతో అది 2017లో, థోరో అడవికి వెళ్లిన తేదీననే, జులై 4న విడుదలైనది. ఉపాధ్యాయుల కోసం పాఠప్రణాళికలు కూడ దానితోపాటు సిద్ధపరచినారు. ఆటగాడే థోరో. ఇంకా పూర్తి కాని కుటీరం ముందు నిలబడి ఉంటాడు. తిండి, వంటచెరకు, గూడు, బట్ట అనే నాలుగింటినీ చూసుకోవాలి. ఈ నాలుగూ ఆట నిర్మాతలు కల్పించినవి కావు. జీవనానికి అవసరమైనవి ఇవియేనని థోరో తన మొదటి అధ్యాయంలో లెక్కవేసి చెప్పినవే.

ఇంతవరకైతే ఇది అడవిలో బతికి బయటపడే వందలాది ఆటలలో ఒకటి అయి ఉండేది. దీనిలో ఐదవది ఒకటున్నది, అది స్ఫూర్తి. చదువుకోవడం, దూరాన వినవచ్చే శబ్దాలను ఆలకించడం, ఏకాంతంలో నిలవడం, వచ్చిన అతిథులతో మాటలాడడం - వీటివల్ల ఆ స్ఫూర్తి పెరుగుతుంది. మూలగ్రంథం తెరచి చూడండి. 'చదువు', 'శబ్దాలు', 'ఏకాంతం', 'అతిథులు' అన్నవి అందులో వరుసగా నాలుగు అధ్యాయాల పేర్లు! అధ్యాయసూచికను ఆటనియమంగా మార్చినారన్న మాట. ఆశపోతు ఆటగాడు పగలంతా చిక్కుడు పండించి, కట్టెలు కొట్టి పేర్చి, వాటితోనే పొద్దుపుచ్చినాడనుకోండి. అతని ఇంట సమృద్ధి పెరుగుతుంది గాని, అడవి వెలవెలపోతుంది. రంగులు మాసిపోతాయి, సంగీతం సన్నగిల్లుతుంది. పోనీ, పని మాని పక్షులను చూస్తూ తిరిగితే ఆకలితో సొమ్మసిల్లుతాడు. ప్రాణం మాత్రం పోదు. ఎవరితోనూ పోరాటం లేదు, గెలుపు లేదు. చూసిన చెట్టును గురించీ జంతువును గురించీ థోరో రాసిన వాక్యాలు ఒక్కొక్కటే వచ్చి ఆటగాని దినచర్య పుస్తకంలో చేరుతూ ఉంటాయి.

బతుకుతెరువుకై బతుకునంతా ఖర్చుపెట్టడం ఎంతవరకు లాభసాటి అన్నది థోరో ప్రశ్న. ఆ ప్రశ్నను వాచ్యంగా చెబితే విద్యార్థి నోటుపుస్తకంలో రాసుకొంటాడు, పరీక్షలో దింపుతాడు, మరచిపోతాడు. తాను పేర్చుకొన్న కట్టెల మోపుల నడుమ నిలబడి, అడవి ఎందుకిట్లా రంగు వెలిసినదని అతడే విస్తుపోయినప్పుడు, ప్రశ్న అతనిది అవుతుంది. యంత్రంలో అమర్చిన నియమాలే ఒక వాదాన్ని వినిపించగలవని ఇయన్ బోగోస్ట్ అనే విమర్శకుడు 2007లో ప్రకటించిన గ్రంథంలో సిద్ధాంతీకరించినాడు. వాచ్యం కాకుండ అర్థం స్ఫురించడమే ధ్వని అయిన పక్షంలో ఇదీ ఒక జాతి ధ్వనియే గదా అని నాకు తోచినది. ఆనందవర్ధనుడు ఒప్పుకొంటాడో లేదో, విజ్ఞులు చెప్పాలి.

ఇక దీనికి వ్యతిరేకమైన ఉదాహరణ. ఇటలీ మహాకవి డాంటే 14వ శతాబ్ది తొలి దశాబ్దాలలో రచించిన 'డివైన్ కామెడీ'లో మొదటి భాగం నరకలోక వర్ణనం. రోమను కవి వర్జిల్ దారి చూపగా డాంటే ఒక్కొక్క వలయమే దిగుతూ పాపుల కథలు వింటాడు. రెండవ వలయంలో ఫ్రాంచెస్కా అనే స్త్రీ తన ప్రేమకథ చెప్పుకొంటుంది. ఆమె పాపం చేసినదనీ, శిక్ష దైవవిహితమనీ కవికి తెలుసు. అయినా విన్నంతనే జాలితో మూర్ఛపోతాడు. న్యాయానికీ దయకూ నడుమ నలిగిపోయే ఆ మూర్ఛ ఆ కావ్యానికి ఆయువుపట్టులలో ఒకటి. 2010లో అమెరికాలో 'డాంటేస్ ఇన్ఫెర్నో' అనే వీడియో ఆట వచ్చినది. అందులో డాంటే కవి కాడు, మతయుద్ధాలలో పోరాడిన యోధుడు. మృత్యుదేవత కొడవలిని చేతబట్టి కనిపించిన పిశాచాన్నల్లా నరుకుతూ పోతాడు. ఫ్రాంచెస్కా ఇక్కడా ఎదురవుతుంది. ఆమెను శిక్షించాలా, క్షమించాలా? ఒక మీట నొక్కితే శిక్ష, ఇంకొక మీట నొక్కితే క్షమ. ఏది చేసినా ఆటగాని బలం ఖాతాలో కొంత జమ పడుతుంది. జాలి అన్నది మూర్ఛగా గాక నాణెంగా మారినది!

వలయాలన్నీ ఉన్నవి, పేర్లన్నీ ఉన్నవి, వర్జిల్ కూడ ఉన్నాడు. ఆట బొమ్మను అట్టమీద వేసి లాంగ్‌ఫెలో ఆంగ్లానువాదాన్ని మళ్లీ అచ్చువేసి అమ్మినారు. ఆ విధంగానైనా కొందరు మూలకావ్యం ముఖం చూసి ఉంటే సంతోషమే. కాని ఈ ఆట ఆడినవానికి డాంటేను గురించి అబ్బినది పాత్రల పట్టిక మాత్రమే. కవి సొమ్మసిల్లిన చోట ఆటగాడు బలిసినాడు.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మనకు ఒక గీటురాయి దొరుకుతుంది. కావ్యంలోని పేర్లూ స్థలాలూ తెచ్చి తెరమీద పేర్చినందువల్ల ఆట కావ్యబోధకం కాదు. కావ్యం ఏ సంకటం మీద నిలిచి ఉన్నదో ఆ సంకటం ఆట నియమంలోకి దిగిరావాలి. మన దేశంలో కూడ చదువు పేరుతో కొన్ని ఆటలు అమ్ముడవుతున్నవి. ఆదికవి ఎవరు, నాలుగు పేర్లలో ఒకటి ఎన్నుకొనుము. సరియైన జవాబుకు పది మార్కులు, ఒక గంట మోత, తెరమీద పూలవాన. పరీక్షకు గజ్జెలు కట్టినంత మాత్రాన అది ఆట కాదు. పరీక్ష కూడ చెడుతుంది.

'ఎల్సినోర్' అనే మరొక ఆటను గురించి చెప్పవలసి ఉన్నది. 2019లో వెలువడిన ఈ ఆటకు షేక్‌స్పియరు 'హామ్లెట్' నాటకం ఆధారం. నాటకంలో ఒఫీలియా తండ్రి చెప్పినట్లు విని, అన్న చెప్పినట్లు విని, ప్రియుని చేత తిరస్కృతయై, మతి చెడి, నీటిపాలవుతుంది. ఆటలో ఆటగాడు ఒఫీలియా. రాబోయే మరణాలన్నీ ఆమెకు ముందుగా కలలో కనిపిస్తాయి. నాలుగు రోజుల గడువు. గడువు తీరగానే మళ్లీ మొదటి రోజు. కోటలో తిరుగుతూ ఒకరి వద్ద విన్న మాటను ఇంకొకరి చెవిన వేయడమే ఆమెకున్న ఆయుధం. ఒక చావును తప్పిస్తే మరొక అనర్థం ముంచుకొని వస్తుంది. నాటకబోధనలో మేము ఎంత గింజుకొన్నా విద్యార్థుల తలకెక్కని అంశం ఒకటున్నది: ఏ పాత్రకు ఏ సంగతి ఏ రంగంలో తెలిసినది అన్నది. కథాగమనమంతా దానిమీదనే ఆధారపడి ఉంటుంది. ఎల్సినోర్ ఆడే పిల్లవానికి ఆ లెక్క వేళ్లమీద ఉండక తప్పదు.

జూల్ వెర్న్ 1872లో ధారావాహికగా రాసిన 'ఎనభై రోజులలో భూప్రదక్షిణం' నవలను కూడ 2014లో ఇంగ్లండులో ఆటగా మలచినారు. దానికి అయిదు లక్షలకు పైగా మాటలతో కథను సమకూర్చిన రచయిత్రి మేగ్ జయంత్. అందులో ఆటగాడు ప్రభువైన ఫాగ్ కాడు. అతని సేవకుడు పాస్‌పార్టూ. పెట్టెలు సర్దేదీ, దారి వెతికేదీ, దారిలో మనుషులతో మాటలాడేదీ సేవకుడే. నవలలో యజమాని ప్రయాణం చేసినాడని చదువుతాము. ఆటలో అది సేవకుని ప్రయాణం. చిన్న మార్పే గాని చదివే కన్ను మారిపోతుంది.

ఒఫీలియా, పాస్‌పార్టూ - ఈ ఇద్దరినీ గురించి ఆలోచిస్తున్న రోజులలోనే నేను మా కళాశాలలో డిగ్రీ మొదటి సంవత్సరం వారికి సభాపర్వంలో ద్యూతఘట్టం చెప్పవలసి వచ్చినది. మా తరగతిలో కంప్యూటరు లేదు. కాగితాలున్నవి, సుద్దముక్క ఉన్నది. నలుగురేసి విద్యార్థులను ఒక్కొక్క జట్టు చేసినాను. ఆటగానికి ధర్మరాజు పాత్ర గాని, దుర్యోధనుని పాత్ర గాని ఇవ్వలేదు. ప్రాతికామి పాత్ర ఇచ్చినాను. ద్రౌపదిని సభకు తీసుకొని రమ్మని దుర్యోధనుడు పంపిన సేవకుడతడు. ఒక్కొక్క కాగితం మీద ఒక్కొక్క సందర్భం. దాని క్రింద ప్రాతికామి చేయగల పనులు రెండో మూడో విద్యార్థులే రాయాలి. ఒక్కొక్క పని ఏ కాగితానికి దారితీస్తుందో చూపాలి. నియమం ఒకటే: రాసిన ప్రతి పనికీ నన్నయ గ్రంథంలో ఏ పద్యమో వచనమో ఆధారంగా చూపగలగాలి. చూపలేని దారిని ఎదుటి జట్టు కొట్టివేయవచ్చును.

మొదటి రోజు అల్లరిగానే జరిగినది. ప్రాతికామి కోట గోడ దూకి అడవులు పట్టిపోయినట్లు ఒక జట్టు రాసినది. ఆధారమేదని మిగిలినవారు కేకలు వేసినారు. రెండవ రోజుకు గ్రంథాలయం నుండి సభాపర్వం తెచ్చుకొని కూర్చున్నారు. తాను వెళ్లి పిలువగానే ద్రౌపది రాలేదు. ఒక ప్రశ్న ఇచ్చి వెనుకకు పంపినది. రాజు మొదట తన్ను ఓడినాడా, నన్ను ఓడినాడా కనుక్కొని రమ్మన్నది. ప్రాతికామి ఆ ప్రశ్నను సభకు మోసుకొని వచ్చినాడు. ధర్మరాజు పలుకలేదు. ఆమెనే వచ్చి అడుగుమనుమన్నాడు దుర్యోధనుడు. ఇప్పుడు ప్రాతికామి ఏమి చేయగలడు? ఆజ్ఞ పాటించవచ్చును, జంకవచ్చును. జంకినాడు. వీడు భీమునికి భయపడుతున్నాడని ఈసడించి దుర్యోధనుడు తమ్ముని పంపినాడు. అక్కడితో ఆటగాని చేతిలోని కాగితాలు అయిపోయినవి. ఒక జట్టులోని కుర్రవాడు చాలసేపు కాగితాలు తిరగవేసి, "ఇంతేనాండీ? ఇంకేమీ చేయలేడా?" అని అడిగినాడు. పాఠం చెబితే ఆ ఘట్టంలో ప్రాతికామిని ఒక్క వాక్యంలో దాటిపోతాము. తరువాత జరిగిన అవమానానికి తాను ఏమీ అడ్డుపడలేకపోయిన సేవకుని స్థానంలో నిలబడి చూస్తే ఆ సభ ఎంత భయంకరమైనదో ఆ కుర్రవానికి తెలిసినది.

అదే తరగతిలో ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, ద్రౌపది ధర్మాన్ని గురించి అడిగినదని పాఠంలో ఉన్నదండి. కాని ఆమె అడిగినది ఆట నియమాన్ని గురించే గదండీ?" అన్నది. ఎంత నిజం! తన్ను తాను ఓడిపోయినవాడు ఆట బయటివాడు. బయటివానికి మరొకరిని పందెం ఒడ్డే హక్కు ఎక్కడిది? మహాభారతంలోకెల్ల తలమానికమైన ధర్మసందేహం జూదపు నియమం మీద పుట్టినది. భీష్ముడు ధర్మం సూక్ష్మమని చెప్పి తప్పుకొన్నాడు. వికర్ణుడొక్కడు లేచి, వ్యసనంలో మునిగినవాడు ఒడ్డిన పందెం చెల్లదనీ, ఆమె ఐదుగురికి భార్య అనీ, పైగా ధర్మజుడు ముందే తన్ను ఓడినాడనీ వాదించినాడు. కర్ణుడు అతని నోరు మూయించినాడు. ధృతరాష్ట్రుడు వరాలిచ్చి విడుదల చేసినాడే గాని, ప్రశ్నకు జవాబు చెప్పలేదు. కథ ముగిసినా ఆ ప్రశ్న అట్లాగే ఉండిపోయినది.

విద్యార్థులకు ఇది నచ్చలేదు. సరియైన దారి ఏదో చెప్పమన్నారు. వారు అలవాటుపడిన ఆటలలో ప్రతి తలుపుకూ ఎక్కడో ఒక తాళపుచెవి ఉంటుంది. భారతంలో ఆ తలుపు తెరుచుకోదు. తెరుచుకోదన్న సంగతి వెతికి వెతికి తెలుసుకొన్నవానికీ, గైడు పుస్తకంలో చదివి తెలుసుకొన్నవానికీ మధ్య అంతరం ఎంతటిదో ఆ వారం నేను కళ్లార చూసినాను. నాలుగవ రోజున వారు తమంతట తాము అనుద్యూతానికి వచ్చినారు. ఒకసారి చావు తప్పి బయటపడినవాడు రెండవ జూదానికి పిలిస్తే ఎందుకు వెళ్లినాడు? పన్నెండేండ్ల వనవాసం, ఒక ఏడు అజ్ఞాతవాసం పందెమని తెలిసి కూడ? పెద్దతండ్రి ఆజ్ఞ అని ఒకరు, విధి అని ఒకరు, వ్యసనమని ఒకరు. ప్రతివారూ పద్యం చూపి వాదించినారు. గంట మోగినా కదలలేదు.

అయితే ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ ఆట వల్ల వారికి ద్యూతసభ పట్టుబడినది గాని, నన్నయ పట్టుబడలేదు. ఆయన తన కవిత్వానికి చెప్పుకొన్న అక్షరరమ్యత ఏ కాగితం మీదా లేదు. సంఘటనను, సంకటాన్ని, పాత్రల జ్ఞానాజ్ఞానాలను ఆట పట్టుకోగలదు. పద్యం నడకను పట్టుకోవడం వేరు. వాల్డెన్ ఆట కూడ ఇక్కడ తడబడుతున్నదనే నా అభిప్రాయం. థోరో వాక్యాలు దినచర్య పుస్తకంలో వచ్చి చేరుతాయే గాని, వాటిని ఆగి చదవమని ఆట బలవంతపెట్టదు. తొందరలో ఉన్న కుర్రవాడు దాటిపోతాడు. అందుచేత ఆ సమయంలో పక్కన ఉపాధ్యాయుడు, చేతిలో పుస్తకం ఉండి తీరాలి.

భాషనే ప్రాణంగా పెట్టుకొన్న ఆట ఒకటి లేకపోలేదు. 2014లో అలాస్కాలోని ఒక ఆదివాసుల సంస్థ, ఆటల నిర్మాతలతో చేతులు కలిపి, ఇనూపియాట్ జాతివారి వాగ్రూప కథను 'నెవర్ ఎలోన్' అనే ఆటగా నిర్మించినది. కథ వారి ఇనూపియాక్ భాషలోనే వినబడుతుంది. తెరమీద ఇంగ్లీషు అనువాదం అక్షరాలలో కనిపిస్తుంది. నడుమ నడుమ ఆ జాతి వృద్ధులు తమ జీవితాన్ని గురించి మాటలాడిన దృశ్యాలు తెరుచుకొంటాయి. తమ పిల్లలు తమ భాషకు దూరమవుతున్నారన్న బాధ మనకొక్కరికే ఉన్నదనుకోవడం పొరపాటు.

మరి పద్యం మాటేమిటి? నన్నడిగితే తెలుగు పద్యమంత నియమబద్ధమైన ఆట లోకంలో అరుదు. గణం తప్పరాదు, ప్రాస తప్పరాదు. ఉత్పలమాలలో పదవ అక్షరం, చంపకమాలలో పదకొండవది, శార్దూలంలో పదమూడవది, మత్తేభంలో పదునాలుగవది మొదటి అక్షరంతో మైత్రి పాటించాలి. అవధానంలో నిషిద్ధాక్షరి ఏమిటి? అవధాని ఒక అక్షరం వేస్తాడు. పృచ్ఛకుడు తరువాతి అక్షరాన్ని నిషేధిస్తాడు. అవధాని దారి మార్చుకొంటాడు. ఇంతకంటె చక్కని ఇద్దరి ఆట ఏ యంత్రం మీదనైనా ఉన్నదా! దత్తపది, సమస్యాపూరణం కూడ ఈ కోవలోనివే. తిరుపతి వేంకట కవుల అవధానాలకు జనం తీర్థప్రజలవలె వచ్చేవారంటే, వారందరూ ఛందశ్శాస్త్ర పండితులని కాదు. ఆట రక్తి కట్టినది గనుక వచ్చినారు.

నల్లబల్ల మీద దీనిని ఎవరైనా ఆడించవచ్చును. పాఠంలోని ఒక పద్యం రాసి, ఒక మాట చెరిపి, అర్థం మాత్రం చెప్పండి. తామరపువ్వు అన్న అర్థం గల మాట కావాలి అనుకొందాము. 'తామర', 'పద్మము' అంటే గురువు మీద రెండు లఘువులు. 'కమలము', 'నళినము' అంటే నాలుగూ లఘువులే. 'సరోజము' అంటే మొదట లఘువు, వెంటనే గురువు. ఏది ఇముడుతుంది? యతిస్థానంలో పడితే ఏది నిలుస్తుంది, ఏది జారుతుంది? పిల్లలు ఒక్కొక్క మాటే తెచ్చి అమర్చి చూస్తారు. కవి ఆ మాటనే ఎందుకు వేసినాడో అప్పుడు తెలుస్తుంది. గణాలకు సరిపోయిన మాటలు రెండు మూడు మిగిలినప్పుడు వాటిలో కవి ఎన్నుకొన్నదానికే ఆ సొగసు ఎక్కడినుండి వచ్చినదన్న అసలు చర్చ మొదలవుతుంది. ప్రతిపదార్థాలు బట్టీపట్టించి పద్యమంటే హడలు పుట్టించిన మన పద్ధతికి ఇది విరుగుడు కాగలదు. పద్యం ఇచ్చిన వెంటనే గణాలు విడదీసి, యతిప్రాసలు పరీక్షించి తప్పొప్పులు చెప్పే తెలుగు సాఫ్ట్‌వేరు ఇప్పటికే ఉన్నది. కనుక దీనిని తెరమీద ఆటగా మలచడం అసాధ్యమేమీ కాదు.

ఉపాధ్యాయ మిత్రులు తప్పక అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నవి. ఖర్చు మాటేమిటి? బడికి ఒక్క కంప్యూటరు, గోడమీద బొమ్మ పడే సాధనం ఉంటే చాలు. ఒకడు ఆడుతూ ఉంటే తక్కినవారు చేత పుస్తకం పట్టుకొని చూస్తూ, ఇటు వెళ్లు, అటు వెళ్లు అని సలహా చెబుతారు. సలహాకు పుస్తకంలో ఆధారం అడగండి. నలభై అయిదు నిమిషాల గంటలో వాల్డెన్ వంటి ఆట పూర్తి కాదు, కానక్కర లేదు. ఒక్క ఋతువు చాలు. వయసు నిబంధన చూడకుండ ఏ ఆటనూ తరగతిలోకి తేరాదు; పైన చెప్పిన డాంటే ఆట పెద్దలకు మాత్రమే ఉద్దేశించినది. తాను మొదటినుండి చివరివరకు ఆడని ఆటను ఉపాధ్యాయుడు బోధించరాదు; చదవని పుస్తకాన్ని బోధించేవారు లేరా అంటే, ఉన్నారు, వారిని గురించి ఇక్కడ ఎత్తను. గెలిచినవానికి మార్కులు వేయడం మాత్రం వద్దు. మార్కులు పడిన మరుక్షణం పిల్లలు ఆడడం మాని లెక్కలు కడతారు.

తెలుగు కావ్యాలలో ఆటగా మలచడానికి ఏది తగినదని నన్ను అడిగితే, పదునారవ శతాబ్దిలో పింగళి సూరన రచించిన కళాపూర్ణోదయం పేరు చెబుతాను. బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ లోకంలో జరగడం, కథలోపల కథ విచ్చుకోవడం, మణికంధరుడు నలకూబరుని రూపమూ కలభాషిణి రంభ రూపమూ ధరించి ఒకరినొకరు మోసగించబోయి తామే మోసపోవడం - ఎవరు ఎవరో, ఎవరికి ఏది తెలుసునో అన్న చిక్కుముడి మీదనే కావ్యమంతా నడుస్తుంది. మన ఇంజనీరింగు కళాశాలలలో కంప్యూటరు విద్య నేర్చిన తెలుగు పిల్లలకు కొదువలేదు. వారిని తెలుగు శాఖవారు పిలిచి కూర్చోబెట్టుకొన్న సందర్భాలే అరుదు. ఈ మాట మా తరగతిలో అన్నంతనే, ఆటగానికి ఏ పాత్ర ఇవ్వాలన్న దగ్గర తగవు వచ్చినది. నారదుడని కొందరు, మణికంధరుడని కొందరు. చివరకు కలభాషిణి నెగ్గినది. ఆమెకు ఏ సంగతి ఏ ఆశ్వాసంలో తెలిసినదో పట్టిక వేయడానికి కావ్యం చదవడం మొదలుపెట్టినారు. ఎనిమిది ఆశ్వాసాలలో ప్రస్తుతం రెండవదానిలో ఉన్నారు.